పేషెంట్ ‘అడ్మిటెడ్’: ఒక నర్సు ఉత్తరాల్లో తప్పిపోయిన క్రియ

‘ద పేషెంట్ అడ్మిటెడ్ ఆన్ మండే.’

నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చిన ఓ నర్సు నాకు చూపించిన మొదటి ఉత్తరంలో మొదటి వాక్యం ఇది. పేషెంట్ సోమవారం ఆస్పత్రిలో చేరాడని ఆవిడ ఉద్దేశం. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకునే డాక్టర్ ఈ వాక్యం చదివితే, పేషెంట్ సోమవారం ఏదో తప్పు ఒప్పుకున్నాడనుకుంటాడు. ఏం ఒప్పుకున్నాడో తెలుసుకుందామని తర్వాతి వాక్యంలోకి వెళ్తాడు. అక్కడ ఇలా ఉంది: ‘షి బ్రాట్ టు క్యాజువాలిటీ బై హర్ సన్.’ పేషెంట్ మగో ఆడో సంగతి అలా ఉంచండి, ఇప్పుడు ఆవిడ క్యాజువాలిటీకి ఏదో పట్టుకొచ్చింది.

నేను విజయవాడలో నర్సులకి ఓఈటీ కోచింగ్ చెబుతుంటాను. ఆక్యుపేషనల్ ఇంగ్లీష్ టెస్ట్ అనే ఈ పరీక్షలో రైటింగ్‌కి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలూ కేసు నోట్సు చదువుకోవాలి, పెన్ను ముట్టుకోకూడదు. మిగతా 40 నిమిషాల్లో 180 నుంచి 200 మాటల ఉత్తరం రాయాలి, సాధారణంగా ఇంకో డాక్టరుకో నర్సుకో పేషెంట్‌ని అప్పగిస్తూ. యూకేలో నర్సుగా రిజిస్టర్ కావాలంటే 500కి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున, రైటింగ్‌లో 300 రావాలి. ఆవిడకి మొదటి మూడూ వచ్చేశాయి. రైటింగ్‌లో రెండుసార్లూ 260 దగ్గరే ఆగింది.

ఆవిడెవరో పోల్చుకోకుండా వివరాలు కొన్ని మార్చాను. ముప్పై దాటిన మనిషి, కృష్ణా జిల్లా పల్లెటూరు, టెన్త్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్, ఎనిమిదేళ్ళుగా ఐసీయూ డ్యూటీ. నైట్ షిఫ్టు దిగి నేరుగా క్లాసుకి వచ్చేది.

“మేడం, నాకు గ్రామర్ రాదు. టెన్సులు మళ్ళీ మొదట్నుంచి చెప్పండి” అంది.

“టెన్సులు ఎన్నమ్మా?” అన్నాను. పన్నెండూ గడగడా అప్పజెప్పింది, ఫార్ములాలతో సహా. సబ్జెక్ట్ ప్లస్ హ్యాడ్ బీన్ ప్లస్ వీ ఫోర్. మన కోచింగుల్లో నేర్పే ఆ వీ వన్ (గో), వీ టూ (వెంట్), వీ త్రీ (గాన్), వీ ఫోర్ (గోయింగ్) పట్టికలో ఆవిడ ఒక్క చోట కూడా తడబడలేదు. గ్రామర్ రాదన్న మనిషికి నాకంటే ఎక్కువ డెఫినిషన్లు నోటికొచ్చు.

అయినా నేను టెన్సులే చెప్పాను. అడిగారు కాబట్టి చెప్పాను, అంతకంటే గొప్ప కారణమేం లేదు. మూడు వారాలు గడిచాయి. ఖాళీలు పూరించమంటే ఇరవైకి పద్దెనిమిది తెచ్చుకునేది. ఉత్తరం రాయమంటే మళ్ళీ ‘షి బ్రాట్’. ఆ మూడు వారాలూ దండగ. ఈ కేసు రాసుకోవాలనిపించడానికి అదీ ఒక కారణం.

నాలుగో వారంలో పుస్తకం పక్కన పెట్టి ఆవిడ రాసిన ఉత్తరాన్నే ఆవిడ ముందు పెట్టాను. ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీయమన్నాను. ‘షి హావింగ్ డయాబెటిస్ సిన్స్ టెన్ ఇయర్స్’లో ‘హావింగ్’ కింద గీసింది. ‘ప్లీజ్ బ్లడ్ షుగర్ టు మానిటర్’లో ‘మానిటర్’ కింద. ‘హర్ డిశ్చార్జ్ ఆన్ ఫ్రైడే’లో ‘డిశ్చార్జ్’ కింద. ‘సివియర్ పెయిన్ ఇన్ రైట్ హిప్’లో కాసేపు ఆలోచించి ‘పెయిన్’ కింద గీసింది. పదిహేడు వాక్యాల్లో తొమ్మిదింటికి వాక్యాన్ని పూర్తిచేసే క్రియే లేదు. ఆవిడకి మాత్రం అన్నిట్లోనూ కనిపించింది.

“పనిని తెలిపే మాట క్రియ కదా మేడం” అంది. చిన్నప్పుడు మనందరికీ నేర్పింది అదే. ఆ లెక్కన ఏడుపు, నడక, పరుగు కూడా పనులే, కానీ తెలుగులో వాటిని ఎవరూ క్రియలనరు. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికే మనకి ఆ తేడా మాయమవుతుంది.

అప్పుడు ఇంగ్లీషు వదిలేసి తెలుగులో అడిగాను. “సీత బజారుకు వెళ్ళి కూరగాయలు కొన్నది. ఇదే వాక్యమమ్మా?”

“సంక్లిష్ట వాక్యం.” టెన్త్ తెలుగు పరీక్ష రాసి పదిహేనేళ్ళు దాటినా ఒక్క క్షణం ఆలోచించలేదు.

“‘వెళ్ళి’?”

“అసమాపక క్రియ. ‘కొన్నది’ సమాపక క్రియ.”

“ఎలా తెలిసింది?”

“‘సీత బజారుకు వెళ్ళి’ అని ఆపేస్తే, ‘ఆ, వెళ్ళి?’ అని అడుగుతాం కదా మేడం.”

ఈ కేసులో తాళంచెవి ఆ మాటే. ‘ఆ, వెళ్ళి?’ అనిపించే చెవి ఆవిడకి తెలుగులో పుట్టుకతో ఉంది. ‘షి హావింగ్ డయాబెటిస్’ చదివితే ఇంగ్లీషువాళ్ళకీ అచ్చం అలాగే, ‘ఆ, షుగరుండి?’ అనిపిస్తుంది. వీ ఫోర్ ఒంటరిగా ఎప్పుడూ అసమాపకమే. ‘టు మానిటర్’ మన ‘చూడ్డానికి’ లాంటిది, అదీ అసమాపకమే. వీ త్రీ కూడా అంతే. సమాపకం కాగలిగినవి వీ వన్, వీ టూ. లేదా ఈజ్, వాజ్, హాజ్, హ్యాడ్, విల్, కెన్ లాంటి సహాయక క్రియలు. వాక్యంలో సహాయక క్రియ ఉంటే వాక్యాన్ని నిలబెట్టేది అదే. దాని వెనక వచ్చే హావింగ్, అడ్మిటెడ్, బ్రాట్ వగైరా దాన్ని పట్టుకుని నడిచేవి.

చిక్కంతా ఇంగ్లీషు మాటల రూపం దగ్గరుంది. తెలుగులో ‘వెళ్ళి’ని చూడగానే అసమాపకమని తెలిసిపోతుంది, రూపమే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ‘వెంట్’కీ ‘గాన్’కీ తేడా కనిపిస్తుంది గానీ, ‘అడ్మిటెడ్’ వీ టూ అయినా వీ త్రీ అయినా ఒకటే. ‘బ్రాట్’ కూడా అంతే. కాబట్టి చూపుతో పని జరగదు, పరీక్ష పెట్టాలి. నేను పెట్టిన పరీక్ష ఇది: వాక్యాన్ని ‘రేపు’లోకి మార్చు, మారిన మాట ఏదో అదే సమాపకం. ‘వెళ్ళి కొన్నది’ రేపటికి ‘వెళ్ళి కొంటుంది’ అవుతుంది, ‘వెళ్ళి’ కదలదు. ‘ద నర్స్ మానిటరింగ్ ద పేషెంట్ వాజ్ టైర్డ్’ని రేపటికి మారిస్తే ‘వాజ్’ పోయి ‘విల్ బీ’ వస్తుంది. ‘మానిటరింగ్’ అక్కడే ఉంటుంది. ‘షి హావింగ్ డయాబెటిస్’ని మార్చమంటే మార్చడానికి ఏమీ దొరకదు. దొరకలేదంటే అది వాక్యం కాదు.

ఆ రోజు ఇంటికెళ్ళి పాత ఉత్తరాలన్నీ తీసి ఎర్ర పెన్నుతో తనే దిద్దుకుంది. మర్నాడు తెచ్చి చూపిస్తుంటే ముఖం వెలిగిపోతోంది. కానీ నాకింకా ఒక ప్రశ్న మిగిలింది: ఇంత తేలిగ్గా పట్టుకోగలిగిన మనిషికి ఎనిమిదేళ్ళుగా ‘వాజ్’ ఎందుకు జారిపోయింది?

దానికి రెండు కారణాలు కనిపించాయి. ఒకటి మన భాష. ‘పేషెంట్‌ని తీసుకొచ్చారు’ అంటాం, తెచ్చిందెవరో చెప్పక్కర్లేదు. ‘తీసుకురాబడెను’ అని మాట్లాడే తెలుగువాడు లేడు. ‘ఆవిడ టీచర్’ అనడానికి మనకి క్రియే అక్కర్లేదు. కాబట్టి ‘వాజ్’ మన చెవికి లెక్కలోకి రాని చప్పుడు. రెండో కారణం నాకు అప్పటిదాకా తట్టలేదు: వార్డు. కేసు షీటులో ‘అడ్మిటెడ్ విత్ చెస్ట్ పెయిన్’, ‘రివ్యూడ్ బై కార్డియాలజిస్ట్’, ‘టు కంటిన్యూ సేమ్’ అని రాస్తారు. తొందరలో రాసే ఆ ఇంగ్లీషులో కర్త ఉండడు, సహాయక క్రియ ఉండదు. ఆవిడ ఎనిమిదేళ్ళు రోజూ రాసిన ఇంగ్లీషు అదే. పరీక్షలో ఇచ్చే కేసు నోట్సు కూడా సరిగ్గా ఆ భాషలోనే ఉంటుంది. అక్కడ పరీక్ష పెట్టేది దాన్ని విప్పి పూర్తి వాక్యాలు చేయగలరా లేదా అని. ఆవిడ ముందు కర్త మాత్రం తగిలించి మిగతాది ఉన్నదున్నట్టు దించేది. గ్రామర్ రాకపోవడం వేరు, పదివేలసార్లు రాసిన అలవాటు వేరు.

ఇక ‘అడ్మిటెడ్’ సంగతి. దీనికి నేనో కిటుకు కనిపెట్టాననుకున్నాను. ఇంగ్లీషు మాటని తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు మనం దానికి ‘అవు’, ‘చేయు’ తగిలిస్తాం: పేషెంట్ అడ్మిట్ అయ్యాడు, డాక్టర్ అడ్మిట్ చేశారు. అకర్మకానికి ఒకటి, సకర్మకానికి ఒకటి. విరుగు–విరుచు, మారు–మార్చు, తెగు–తెంచు అని జంటలుగా ఉన్న భాష మనది. ఆ తేడా లేకుండా ఉండలేం. ఇంగ్లీషులో ‘అడ్మిట్’, ‘డిశ్చార్జ్’, ‘షిఫ్ట్’, ‘ఆపరేట్’ అన్నీ ఈ కేసుల్లో ఒకరు ఇంకొకరికి చేసేవే. కాబట్టి ‘అయ్యాడు’ అనిపించిన చోటల్లా ‘వాజ్’ పెట్టమన్నాను.

వారం రోజులు అద్భుతంగా నడిచింది. వాజ్ అడ్మిటెడ్, వాజ్ డిశ్చార్జ్డ్, వాజ్ షిఫ్టెడ్. తర్వాతి ఉత్తరంలో ‘ద పేషెంట్ వాజ్ కొలాప్స్డ్ అండ్ వాజ్ రికవర్డ్’ అని వచ్చింది. తప్పు ఆవిడది కాదు. కొలాప్స్ అయ్యాడు, రికవర్ అయ్యాడు అనే కదా అంటాం. నా కిటుకు ప్రకారం ఆవిడ రాసిందే కరెక్ట్.

దిద్దుబాటు ఇలా చేసుకున్నాం. ‘అయ్యాడు’ దగ్గర ఆగి, ‘ఇది డాక్టర్ పేషెంట్‌కి చేయగలడా?’ అని అడగాలి. డాక్టర్ అడ్మిట్ చేస్తాడు, డిశ్చార్జ్ చేస్తాడు; ‘వాజ్’ కావాలి. డాక్టర్ పేషెంట్‌ని కొలాప్స్ చేయడు. వామిట్ చేయడు. అవి పేషెంట్ సొంతం, ‘వాజ్’ అక్కర్లేదు. “మరి రికవర్ చేశారు అంటారు కదా” అంది. అంటారు, పోలీసులు దొంగసొత్తు గురించి. అప్పుడు నిజంగానే ‘ద గోల్డ్ వాజ్ రికవర్డ్’. పేషెంట్‌ని ఎవరూ అలా రికవర్ చేయరు. ‘ఇంప్రూవ్’ రెండువైపులా తిరుగుతుంది గానీ, ఉత్తరాల్లో ‘హర్ కండిషన్ ఇంప్రూవ్డ్’ చాలు, అంతకుమించి లోతుకి దిగలేదు. ఈ కిటుకుని ఇప్పటికీ వాడతాను, ఆ ప్రశ్నతో కలిపి మాత్రమే.

‘ఈజ్ హావింగ్’ దగ్గర కూడా తెలుగే సాయపడింది. మామూలుగా ‘స్టేటివ్ వెర్బ్స్’ (పనిని కాక స్థితిని తెలిపే క్రియలు) అని ఓ ఇరవై మాటల జాబితా ఇచ్చి బట్టీ పట్టమంటారు. “ఆమెకి షుగర్ ఉంటోంది అంటామా?” అని అడిగాను. నవ్వింది. ఉంది, తెలుసు, కావాలి, ఇష్టం అని తెలుగులో చెప్పే చోట ఇంగ్లీషులోనూ ‘ఇంగ్’ తగిలించొద్దు. అలా జాబితా నాలుగు మాటలకి దిగింది. ఆ తర్వాత ‘షి హాజ్ హ్యాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్’ అని నేను బోర్డు మీద రాస్తే మాత్రం, ఒకే మాట రెండుసార్లు ఎందుకు రాశానని అడిగింది. మొదటిది సహాయకం, రెండోదే అసలు ‘ఉండటం’ అని చెప్పాక ఒప్పుకుంది గానీ, పరీక్ష దాకా ఆ జంటని అనుమానంగానే చూసింది.

క్లాజుల దగ్గరికి వచ్చేసరికి పని ఊహించినంత లేదు. సమాపక క్రియని పట్టుకోవడం వచ్చాక క్లాజుకీ ఫ్రేజుకీ తేడా దానంతటదే తేలిపోయింది. తన కర్త, తన సమాపక క్రియ రెండూ ఉంటే క్లాజు. లేకపోతే ఫ్రేజు, ఎంత పొడుగున్నా సరే. అసమాపకం చుట్టూ కట్టిన వాటిని కూడా క్లాజులే అనే వ్యాకరణాలున్నాయి. మాకు ఉత్తరం దిద్దడానికి ఈ గీత సరిపోయింది.

‘డ్యూ టు షి ఫెల్ ఇన్ బాత్రూమ్’ ఎందుకు తప్పో వివరించడం దీంతో సులువైంది. ‘డ్యూ టు’ ఫ్రేజునే మోస్తుంది, ‘బికాజ్’ క్లాజుని మోస్తుంది. మనకి ‘జ్వరం వల్ల’ అన్నా ‘పడిపోవడం వల్ల’ అన్నా ‘పడినందువల్ల’ అన్నా అన్నిటికీ ఒకటే ‘వల్ల’. ఎందుకంటే తెలుగు ఆ క్రియని ముందే నామవాచకంగా మార్చేసి గానీ ‘వల్ల’ పెట్టదు. ఇంగ్లీషులోనూ ‘డ్యూ టు ఎ ఫాల్’ అని అదే పని చేస్తే సరిపోతుంది. ‘డిస్పైట్’, ‘ఆల్దో’ జంటది కూడా ఇదే వరస.

అసలు ప్రమాదం ‘అని’తో వచ్చింది. ‘షి టోల్డ్ దట్ ఐ యామ్ హావింగ్ పెయిన్’ అని రాసేది. ‘నాకు నొప్పిగా ఉంది అని చెప్పింది’. తెలుగులో ‘అని’ ముందు పేషెంట్ గొంతు ఉన్నదున్నట్టు రావచ్చు. ‘నాకు’ అంటే పేషెంట్‌కి అని మనకి తెలుసు. ఇంగ్లీషులో ‘దట్’ తర్వాత గొంతు ఉత్తరం రాసేవాళ్ళది. అంటే నొప్పి నర్సుకి. ఉత్తరం అందుకున్న డాక్టర్ ఎవరికి మందివ్వాలి? ఇది చెప్పినప్పుడు ఆవిడ గట్టిగా నవ్వి, వెంటనే సీరియస్ అయిపోయింది. “మేడం, డ్యూటీ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో కూడా ఇలాగే రాస్తున్నానేమో” అంది. అలా ‘షి రిపోర్టెడ్ దట్ షి హ్యాడ్ పెయిన్’ ఒక్కరోజులో కుదిరింది. భయానికి ఉన్న శక్తి జాబితాలకి ఉండదు.

తొమ్మిదో వారానికి ప్రతి వాక్యంలో సమాపక క్రియ ఉంది. ఉత్తరం మాత్రం ఘోరంగా ఉంది. ‘షి ఈజ్ ఎ విడో. షి ఈజ్ 68 ఇయర్స్ ఓల్డ్. షి లివ్స్ విత్ హర్ సన్. షి ఫెల్ ఆన్ మండే. షి వాజ్ బ్రాట్ టు అస్.’ అన్నీ కరెక్టే. ఒకటో క్లాసు వాచకంలా ఉంది, మాటలు 240 దాటాయి. ఓఈటీలో క్లుప్తతకి, స్పష్టతకి విడిగా మార్కులుంటాయి. ఇలా రాస్తే అవి పోతాయి. క్రియ లేదని అన్నాళ్ళు వేధించిన నేనే ఇప్పుడు క్రియలు తీసేయమంటున్నాను.

ఇక్కడే ఫ్రేజుల పాఠం అవసరపడింది, అదీ అవసరమైనప్పుడు వచ్చింది కాబట్టి ఎక్కింది. వరసగా నాలుగైదు వాక్యాలు తీసుకుని, వాటిలో ముఖ్యమైన వార్త ఏదో చెప్పమనేదాన్ని. దానికి సమాపక క్రియ ఉంచి, మిగతావన్నీ ఫ్రేజులుగా దించమనేదాన్ని. ‘మిసెస్ ఎక్స్, ఎ 68-ఇయర్-ఓల్డ్ విడో లివింగ్ విత్ హర్ సన్, వాజ్ బ్రాట్ టు అస్ ఆన్ మండే ఆఫ్టర్ ఎ ఫాల్.’ అయిదు క్రియల్లో ఒక్కటే మిగిలింది. ఇది ఆవిడకి కొత్త కాదు. ‘కొడుకు దగ్గర ఉంటున్న, భర్త చనిపోయిన 68 ఏళ్ళ ఆవిడని సోమవారం పడిపోతే తీసుకొచ్చారు’ అని ఏ ఆయమ్మైనా ఒక్క గుక్కలో చెబుతుంది. ‘ఉంటున్న’, ‘చనిపోయిన’, ‘పడిపోతే’ అన్నీ అసమాపకాలే. తెలుగు బతికేదే వీటి మీద. 1873లో ఆర్డెన్ అనే ఇంగ్లీషాయన తనవాళ్ళకి తెలుగు నేర్పడానికి వ్యాకరణం రాస్తే, ‘వచ్చిన మనిషి’ లాంటి చోట ‘హూ’ అనే మాట లేకుండా క్రియే ఆ పని చేయడాన్ని వాళ్ళకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మనం ఆ వీధిలోనే అటునుంచి ఇటు నడుస్తున్నాం.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాల్సి వచ్చింది. ‘ఆఫ్టర్ టేకింగ్ ద టాబ్లెట్, ద డాక్టర్ ఎగ్జామిన్డ్ హర్’ అని రాసింది. మాత్ర మింగింది డాక్టరే అయ్యాడు. ‘మాత్ర వేసుకుని డాక్టర్ చూశారు’ అంటే తెలుగులోనూ అదే అర్థం కదా అన్నాను. “కానీ ‘వాన కురిసి చెరువు నిండింది’ అంటాం కదా మేడం, కురిసింది వాన, నిండింది చెరువు” అంది. అంటాం. ఒకటి రెండోదానికి కారణమైనప్పుడు తెలుగు ఆ సడలింపు ఇస్తుంది. ఇంగ్లీషు మామూలుగా ఇవ్వదు. ఆ ప్రశ్న విన్నాక, ఈవిడ పాసవుతుందని నాకు గట్టి నమ్మకం కలిగింది.

పద్నాలుగో వారంలో పరీక్ష రాసింది. రైటింగ్‌లో 330 వచ్చింది. ఇది నా గొప్పగా రాసుకోవడం లేదు, కుదరనివీ ఉన్నాయి. ‘ఎ’, ‘ద’ల పని చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఉండాల్సిన చోట లేవు, అక్కర్లేని చోట ఉన్నాయి. తెలుగులో ఆ వస్తువే లేదు కాబట్టి ఆనుకోవడానికి నాకు గోడ దొరకలేదు. ‘కైండ్లీ ఇన్ఫార్మ్ వాట్ ఈజ్ ద డోస్’ అని ఉత్తరం మధ్యలో ప్రశ్నని ప్రశ్నలాగే పెట్టే అలవాటు సగమే పోయింది. స్పీకింగ్‌లో మార్కులు ముందే ఉన్నాయి కాబట్టి దాని జోలికి పోలేదు. మాట్లాడేటప్పుడు ఇప్పటికీ ‘ఐ యామ్ హావింగ్ ఎ డౌట్ మేడం’ అనే అంటుంది.

యూకే వెళ్ళిన రెండు నెలలకి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. “మేడం, ఇక్కడి వార్డు నోట్సులో ఎవరూ ‘వాజ్’ పెట్టట్లేదు. అంతా ‘సీన్ బై డాక్టర్’, ‘టు మానిటర్’. నన్నెందుకు అంత ఏడిపించారు?”

“జీపీకి, అదే పేషెంట్ ఫ్యామిలీ డాక్టరుకి, వెళ్ళే డిశ్చార్జ్ ఉత్తరం ఒకటి తీసి చూడు” అన్నాను.

సాయంత్రానికి జవాబు వచ్చింది. “చూశాను. ఉన్నాయి. అన్నీ ఉన్నాయి.”